అమ్మకు పెట్టె తెచ్చుకున్న దుకాణం

మే నెల, రెంటచింతల ఎండలు. రాత్రి పదకొండింటికి అమ్మ పోయింది. తమ్ముడు డల్లాస్ నుంచి రావాలి, రెండు రాత్రులు ఉంచక తప్పదు. మా పెద్దనాన్న కొడుకు ఇచ్చిన శవపేటికల దుకాణం నంబర్‌కి ఫోన్ చేశాను. మేం కతోలికులమని చెప్పగానే అవతలి ఆయన రేట్ల మాట ఎత్తలేదు. "ఫాదర్‌గారికి చెప్పారా అమ్మా? చర్చిలో పూజ ఎన్నింటికన్నారు?" అని అడిగాడు. చాలామంది ముందు తనకి, తర్వాత ఫాదర్‌గారికి చేస్తారట.

మా ఇంట్లో అలా జరగలేదు, అందుకు ఈ రోజుకీ నాకు తృప్తిగా ఉంటుంది. రెండు వారాల ముందే అమ్మ అభ్యంగనం తీసుకుంది, అంటే ఫాదర్ వచ్చి ప్రార్థన చేసి రోగికి పవిత్ర తైలం పూయడం. "ఫాదర్ వస్తే ఇక అయిపోయిందనుకుంటుంది" అని వదిన భయపడింది. ప్రాణం పోయే ఘడియకే అని దాచిపెట్టేది కాదది. అంత్య అభ్యంగనం అనడం కన్నా రోగుల అభ్యంగనం అనడమే తగినదని 1963లోనే రెండో వాటికన్ మహాసభ చెప్పింది. చివరి రోజు సత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పం, కూడా తీసుకుంది అమ్మ. దాన్ని లాటిన్‌లో వియాటికుమ్ అంటారు, దారి బత్తెం అన్నమాట.

దుకాణం ఆయన రెండో ప్రశ్న: "సమాధి కొత్తదా, పాతదా?" నాన్న సమాధిలోనే పెడదామనుకున్నాం. అయితే లోపల కొలిచి చెప్పమన్నాడు. పొద్దున్నే మేస్త్రీ పైబండ తీసి కొలిస్తే వెడల్పు 26 అంగుళాలు. మామూలు పెట్టె పక్క పిడులతో కలిపి అందులో దిగదట. పిడులు లేకుండా, అడుగున తాళ్లు పోయేలా చేయించి పంపాడు. అంతకు ముందు ఏడాది మా బంధువుల ఇంట్లో పెట్టె గుంటలోకి దిగక, అందరి ముందూ పిడులు సుత్తితో కొట్టి ఊడదీశారు. ఆ చప్పుడు విన్నవాళ్లకే తెలుస్తుంది ఈ ఒక్క ప్రశ్న విలువ.

నేను టేకు పెట్టె అడిగాను, 32,000 అన్నాడు. "మట్టిలో కలిసేదేనమ్మా, వేప చాలు. ఆ డబ్బుతో అమ్మగారికి పూజలు పెట్టించండి" అన్నాడు. వేప పెట్టె, లోపల తెల్లగుడ్డతో 9,500.

ఫ్రీజర్ బాక్స్ మాత్రం బాగాలేదు. ఇన్వర్టర్ ఇచ్చాడు కాబట్టి కరెంటు పోయినా టెన్షన్ పడలేదు గానీ, కింద నీళ్లు కారి జపమాల చెప్పేవాళ్ల చాపలు తడిశాయి. రెండు రాత్రులూ గోనెసంచులు మారుస్తూనే ఉన్నాం. సిలువ మీద అమ్మ పుట్టిన సంవత్సరం 1941 అయితే 1947 అని రాసి తెచ్చారు. అప్పటికప్పుడు దిద్దించారు, అది ఆరక తమ్ముడి చొక్కా చేతికి నల్లరంగు అంటుకుంది.

చర్చిలో ఆ దుకాణం కుర్రాళ్లని చూసి నా మనసు నిండింది. ఎవరూ చెప్పకుండానే అమ్మ కాళ్లు బలిపీఠం వైపు ఉండేలా పెట్టె దించారు. ప్రతి ఆదివారం ఎటు చూస్తూ కూర్చునేదో అటే. గురువులు, అంటే ఫాదర్లు, చనిపోతే మాత్రం తల పీఠం వైపు ఉంచుతారు, ముఖం జనం వైపు ఉండేలా. పాస్కా (ఈస్టర్) క్రొవ్వొత్తికి తల దగ్గర చోటు వదిలారు. పూజ జరిగినంతసేపూ ఫోన్లు తీయకుండా వెనక నిలబడ్డారు.

భూస్థాపన రోజు డబ్బు తీసుకోలేదు. ఏడో రోజు పూజ అయ్యాక రమ్మన్నాడు. వెళ్తే బిల్లులో ఫ్రీజర్ మూడు రోజులకి వేసి ఉంది. అడిగితే ఒక రోజు అద్దె, 2,500, తగ్గించాడు. నీళ్లు కారిన సంగతి కూడా చెప్పి వచ్చాను.

నంబర్ కావాలంటే అడగండి, ఇస్తాను. ఫోన్ చేసే ముందు సమాధి కొలత తీసుకోండి. చర్చిలోని జ్ఞానస్నానం పుస్తకంలో ఉన్న పేరూ తేదీలూ కాగితం మీద రాసి ఫొటో పంపండి, నోటితో చెప్పి వదిలేయకండి.