రుషికొండలో అలల అంచనా: ఇన్‌కాయిస్ సమాచారం ఎంతవరకు పనికొస్తుంది?

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఇచ్చే సముద్ర స్థితి సూచన ఉచితం. రుషికొండలో సర్ఫింగ్‌కి బోర్డు పట్టేవాళ్లు ముందు చూడాల్సింది అదే. అయితే చాలామంది అల ఎత్తు ఒక్కటే చూసి బయల్దేరతారు, పొరపాటు అక్కడే. ఆ అంకె లోతు నీళ్లలో ఎత్తైన మూడో వంతు అలల సగటు. మధ్యలో దానికి దాదాపు రెట్టింపు కెరటం కూడా రావచ్చు.

అసలు కీలకం పీరియడ్, అంటే అలకీ అలకీ మధ్య సెకన్లు. ఒకే మీటరు ఎత్తున్నా 7 సెకన్ల అల కన్నా 14 సెకన్ల అలకు రెట్టింపు శక్తి. 6 సెకన్లంటే గాలి రేపిన చిల్లర అల. 13 దాటితే స్వెల్, అంటే ఎక్కడో దూరంలో పుట్టి వచ్చే అల. తిన్నని ఇసుక తీరం కాబట్టి ఒక్కోసారి గోడలా మొత్తం ఒకేసారి విరుచుకుపడుతుంది, నేర్చుకునేవాళ్లు దిగొద్దు.

గాలి పడమర నుంచి, అంటే నేల వైపు నుంచి ఉన్న తెల్లవారుజామే మేలు. ఎండెక్కి సముద్రపు గాలి తిరిగితే నీటి ముఖం గరుకెక్కుతుంది.

ఇసుక దిబ్బలు ఎటు జరిగాయో ఏ సూచనా చెప్పదు. పాటు సమయంలో, అంటే నీరు వెనక్కి తగ్గేటప్పుడు, ఒడ్డున పది నిమిషాలు నిలబడండి. నురగ లేకుండా నల్లగా కనిపించే పాయ ఉంటే, లోపలికి లాగే ప్రవాహం అదే.