ఏడేళ్లుగా ఓవర్‌క్లాక్‌లో రైజెన్ 7 1700: చల్లబరచాల్సింది బోర్డును

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాడికి కంప్యూటర్‌లో కోర్‌లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) ఎన్ని ఉన్నా చాలవు. 2017 మార్చిలో ఏఎండీ రైజెన్ 7 1700 విడుదలైనప్పుడు ఎనిమిది కోర్‌లు, పదహారు థ్రెడ్‌ల (ఒకేసారి నడిచే పని వరసల) ప్రాసెసర్ 329 డాలర్లకు రావడం మా పనివాళ్లకు నమ్మశక్యం కాలేదు. ఆ ఏడాది చివర్లో నేనూ ఒకటి కొన్నాను. అప్పటి నుంచి విజయవాడలో, ఏసీ లేని గదిలో, ఓవర్‌క్లాక్ చేసే (కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడిపే) వాడుతున్నాను. ప్రాసెసర్ గురించి చెప్పాల్సింది తక్కువే. దానికి కరెంటు అందించే మదర్‌బోర్డు భాగాల గురించి చెప్పాల్సింది చాలా ఉంది. ఇన్నేళ్లలో నన్ను సతాయించినవి అవే.

ముందు ప్రాసెసర్ సంగతి. 1700 పెట్టెలో నుంచి తీసి పెట్టినప్పుడు 3.0 గిగాహెర్ట్జ్ మూల వేగం, ఒకటి రెండు కోర్‌లే పనిచేస్తే 3.7 వరకు వెళ్తుంది. ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తీయడం) లాంటి పనిలో అన్ని కోర్‌లూ మునిగితే 3.1, 3.2 దగ్గర ఆగిపోతుంది. 499 డాలర్ల 1800ఎక్స్‌లోనూ ఉన్నవి ఇవే ఎనిమిది కోర్‌లు, తేడా వేగంలోనే. ఆ తరం మామూలు రైజెన్‌లకు మల్టిప్లయర్ (వేగాన్ని నిర్ణయించే గుణకం) మీద తాళం లేదు కాబట్టి, ఓవర్‌క్లాక్ కుదరని ఏ320 రకం కాకుండా బి350 లేదా ఎక్స్370 రకం మదర్‌బోర్డు ఉంటే చాలు, ఆ తేడాను బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెరలో) మనమే పూడ్చుకోవచ్చు. నాకు దొరికిన చిప్ 1.30 వోల్టుల దగ్గర అన్ని కోర్‌లతో 3.8 గిగాహెర్ట్జ్‌కు నిలబడింది. 3.9కి 1.375 అడిగింది. 4.0 దగ్గర మొరాయించింది. ఒకే రకం చిప్‌లలో ఎవరికి ఎంత మంచిది దొరుకుతుందో అన్నదాన్ని సిలికాన్ లాటరీ అంటారే, అందులో నాది మధ్యతరగతి టికెట్.

లాభం ఎంత? ఐదు గంటలు పట్టే ఎక్స్‌పోర్ట్ నాలుగుంపావు గంటకు అయిపోతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో రోజూ ఆదా అయ్యే ఆ ముప్పావు గంట విలువ ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అయితే వేగాన్ని చేత్తో స్థిరంగా పెట్టినప్పుడు ప్రాసెసర్ సొంత బూస్ట్ (అవసరాన్ని బట్టి తనే వేగం పెంచుకోవడం) ఆగిపోతుంది. ఒక్క కోర్ మీద నడిచే పనుల్లో 3.7 నుంచి 3.8కి వచ్చామంతే. అక్కడ తేడా కంటికి కనిపించదు. ఆటల కోసమే 1700ను ఓవర్‌క్లాక్ చేసి మురిసిపోయిన మిత్రులున్నారు, వాళ్ల ఆనందాన్ని పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను.

ఇక వేడి లెక్క. ప్రాసెసర్ తీసుకునే విద్యుత్తు వేగంతో పాటు మాత్రమే పెరిగితే పెద్ద చిక్కు లేదు. కానీ అది వోల్టేజి వర్గంతో (వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చేదానితో) కూడా గుణించుకుపోతుంది. 1.05 వోల్టుల దగ్గర 3.2లో నడిచేదాన్ని 1.30 దగ్గర 3.8కి తెస్తే వేగం పెరిగేది అయిదో వంతులోపు, వేడి మాత్రం దాదాపు ఎనభై శాతం. అదే 3.8 నుంచి 3.9కి వెళ్లాలంటే రెండున్నర శాతం వేగం కోసం పదిహేను శాతం వేడిని కొనుక్కున్నట్టు. అందుకే 3.9ని వదిలేశాను. పెట్టె మీద రాసిన 65 వాట్లు ఇక చరిత్ర. భారం పడినప్పుడు ఈ ప్రాసెసర్ 120 వాట్ల పైనే లాగుతుంది.

ఆ 120 వాట్లూ ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది చాలామంది ఆలోచించరు. కంప్యూటర్‌లోని విద్యుత్ పెట్టె ఎస్ఎంపీఎస్ ఇచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కు కావాల్సింది 1.3. మధ్యలో దాన్ని దించే పని ప్రాసెసర్ కూర్చునే సాకెట్ చుట్టూ ఉండే వీఆర్ఎంది (వోల్టేజి రెగ్యులేటర్ మాడ్యూల్). ఊరి లైన్‌కూ మన ఇంటికీ మధ్య వీధి చివర నిలబడిన ట్రాన్స్‌ఫార్మర్ లాంటిది అది. వోల్టేజి అంత తగ్గిందంటే ఆంపియర్లు అంత పెరుగుతాయి. 1.3 వోల్టుల దగ్గర 125 వాట్లంటే దాదాపు వంద ఆంపియర్లు. ఖరీదు తక్కువ బి350 బోర్డుల్లో కోర్‌ల కోసం నాలుగే ఫేజ్‌లు (కరెంటును పంచుకుని మోసే వీఆర్ఎం విభాగాలు) ఉండేవి. అంటే ఒక్కో ఫేజ్ మీద పాతిక ఆంపియర్లు. ఈ మార్పిడిలో పదిహేను, ఇరవై వాట్లు వృథాగా వేడి అవుతాయి. చిటికెన వేలి గోరంత మాస్‌ఫెట్‌లు (కరెంటును ఆపుతూ వదులుతూ ఉండే స్విచ్‌లు) కొన్ని కలిసి ఆ వేడిని మోయాలి.

నా బోర్డు కూడా ఆ తరగతిదే. కంపెనీ పేరు అనవసరం, ఆ ధరలో అన్నీ అటూ ఇటూగా అలాగే ఉండేవి. పెట్టెతో వచ్చిన రైత్ స్పైర్ కూలర్‌తో 3.7 వరకు ఏ గొడవా లేదు, చప్పుడు తప్ప. ఆ చప్పుడు భరించలేక 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్ పెట్టాను. ప్రాసెసర్ ఉష్ణోగ్రత పది డిగ్రీలకు పైగా తగ్గింది. 3.8కి పెంచాను. అంతా బాగుందనుకున్న కొద్ది రోజులకు అసలు కథ మొదలైంది.

ఎక్స్‌పోర్ట్ మొదలై ఇరవై, ముప్పై నిమిషాలు గడిచేసరికి మౌస్ బాణం తెర మీద ఈడ్చుకుంటూ కదిలేది. ప్రోగ్రెస్ గీత ఆగిపోయేది. కొన్ని సెకన్ల తర్వాత అన్నీ మామూలయ్యేవి. మళ్లీ నిమిషానికి అదే తంతు. ప్రాసెసర్ వేడెక్కి నెమ్మదించిందనే ఎవరైనా అనుకుంటారు. కానీ ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో చూస్తే ప్రాసెసర్ 68 డిగ్రీలే. దాని పక్కనే వేగం 3800 మెగాహెర్ట్జ్ నుంచి ఒక్కసారిగా 550కి పడిపోతోంది. కొంచెం కిందికి జరిపితే కారణం కనిపించింది. వీఆర్ఎం సెన్సర్ 110 డిగ్రీల దగ్గర ఉంది. తనను తాను కాపాడుకోవడానికి బోర్డే ప్రాసెసర్ గొంతు నొక్కుతోంది. చల్లారగానే వదులుతోంది. కూలర్ మార్చకముందు లేని జబ్బు, మంచి కూలర్ పెట్టాక వచ్చింది.

దీని వెనక మర్మం గాలి దిశలో ఉంది. పెట్టెతో వచ్చే కూలర్ గాలిని పైనుంచి కిందికి, బోర్డు మీదికి ఊదుతుంది. ఆ గాలి ప్రాసెసర్‌ను దాటి నాలుగు వైపులా చెదిరి వీఆర్ఎం హీట్‌సింక్‌ను (వేడిని లాగే లోహపు దిమ్మను), కెపాసిటర్‌లను (కరెంటును దాచి సర్దే చిన్న డబ్బాలను), మెమరీని కూడా తడిమి పోతుంది. టవర్ కూలర్ గాలి బోర్డుకు సమాంతరంగా, నాలుగైదు అంగుళాల ఎత్తున ముందు నుంచి వెనక్కి పోతుంది. కింద గాలి కదలదు. నీళ్ల కూలర్‌ల సంగతి ఇంకా అన్యాయం, అక్కడ సాకెట్ దగ్గర ఫ్యానే ఉండదు. వేలకు వేలు పోసి నీళ్ల కూలర్ బిగించి, నాలుగు ఫేజ్‌ల బోర్డు మీద ఓవర్‌క్లాక్ చేసి, ప్రాసెసర్ 60 డిగ్రీలు దాటడం లేదని గొప్పగా చెప్పుకొనే వాళ్లు ఒక్కసారి వీఆర్ఎం అంకె చూడాలి.

నేను చేసిన మందు చాలా నాటుది. 92 మిల్లీమీటర్ల మామూలు ఫ్యానును టవర్ కూలర్ అడుగు నుంచి కేబుల్ టైలతో వేలాడదీసి, గాలి నేరుగా వీఆర్ఎం హీట్‌సింక్ మీద పడేలా వాలుగా పెట్టాను. నెమ్మదిగా, చప్పుడు వినబడనంత వేగంలో తిప్పినా 110 కాస్తా 90 లోపుకు దిగింది. వేగం పడిపోవడం ఆ రోజుతో ఆగింది. 40 మిల్లీమీటర్ల బుల్లి ఫ్యాన్‌లను చాలామంది సలహా ఇస్తారు. వాటి కీచుధ్వని రాత్రిపూట గదిలో పడుకునేవాళ్లకు శత్రువు. చోటు ఉంటే 92, ఇంకా చోటు ఉంటే 120 పెట్టండి.

ఆ తర్వాత హీట్‌సింక్ విప్పి చూశాను. అది రెండు ప్లాస్టిక్ స్ప్రింగు పిన్నుల మీద నిలబడి ఉంది, స్క్రూలు లేవు. అడుగున ఉన్న థర్మల్ ప్యాడ్ (వేడిని దాటించే మెత్తని పొర) మీద మాస్‌ఫెట్‌ల అచ్చులు పడ్డాయి. ఒక చివర గుంతలు లోతుగా, స్పష్టంగా ఉన్నాయి. రెండో చివర ప్యాడ్ నున్నగా, కొత్తదానిలా ఉంది. అంటే ఆ వైపు మాస్‌ఫెట్‌లకు లోహం ఆనడమే లేదు. హీట్‌సింక్ పైభాగం చూస్తే కోణాలు తీరిన అందమైన దిమ్మ, రెక్కలు అనదగ్గవి లేవు. అది అలంకారానికి పెట్టిందే తప్ప వేడికి కాదు. మంచి రకం ప్యాడ్ కొని సరిగ్గా కత్తిరించి వేశాను, పిన్నుల చోట చిన్న స్క్రూలు, వాషర్‌లు బిగించాను. మరో ఆరేడు డిగ్రీలు తగ్గింది. ప్యాడ్ మరీ మందంగా ఉన్నది వేస్తే వేడి దాటడం కష్టమవుతుంది, మరీ పలచనైతే ఆనదు. పాతదాని మందం కొలుచుకుని కొనడం మేలు. సీపీయూ మీద వేసే పేస్టును ఇక్కడ ప్యాడ్ బదులు వాడకూడదు. మాస్‌ఫెట్‌ల ఎత్తులు ఒకేలా ఉండవు కాబట్టి సందులు నిండవు.

కొన్ని బోర్డుల్లో వీఆర్ఎం సెన్సరే ఉండదు. అలాంటి వాళ్లు మల్టీమీటర్‌తో వచ్చే, వేడిని కొలిచే థర్మోకపుల్ తీగను హీట్‌సింక్ సందులో పెట్టి చూడవచ్చు. దూరం నుంచి వేడిని కొలిచే పరారుణ తుపాకీ వాడితే జాగ్రత్త. మెరిసే లోహం మీద అది బాగా తక్కువ చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద గురిపెడితే నమ్మదగిన అంకె వస్తుంది.

110 డిగ్రీలైనా మాస్‌ఫెట్‌లకు ఏమీ కాదని వాదించేవాళ్లున్నారు. లోపలి సిలికాన్ సాధారణంగా 150 వరకు తట్టుకునేలా చేస్తారన్నది నిజమే. నా బెంగ పక్కనున్న కెపాసిటర్‌ల గురించి. సాలిడ్ కెపాసిటర్‌లకు 105 డిగ్రీల దగ్గర 5000 గంటలు అని ఆయుష్షు చెబుతారు. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు తగ్గితే ఆ ఆయుష్షు పది రెట్లు అవుతుందన్నది తయారీదారుల లెక్క. రోజూ గంటల తరబడి నడిచే యంత్రానికి ఆ 20 డిగ్రీలే ప్రాణం. నా బోర్డు ఇంకా బతికి ఉండటానికి ఆ నాటు ఫ్యానే కారణమని నా నమ్మకం.

ఫ్యాను తర్వాత నాకు ఎక్కువ మేలు చేసింది బయోస్. మల్టిప్లయర్ మాత్రం పెంచి వోల్టేజిని ఆటో మీద వదిలేస్తే నా బోర్డు ఏకంగా 1.4 పైకి ఎక్కించేది. 1.30 సరిపోయే చోట ఇది దండగ వేడి. కాబట్టి అంకె మనమే ఇవ్వాలి. భారం పడగానే వోల్టేజి కొంచెం జారుతుంది. దాన్ని పట్టి ఉంచే లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ను చివరి మెట్టుకు పెట్టకుండా మధ్యలో ఉంచాను. పూర్తిగా బిగిస్తే వీఆర్ఎం ఇంకా చెమటోడుస్తుంది, భారం తొలగిన క్షణంలో వోల్టేజి ఎగిరిపడుతుంది కూడా. మెమరీని 3200 వరకు తోయకుండా 2933 దగ్గర వదిలేశాను. ఈ తరగతి బోర్డుల్లో ఎస్ఓసీ ఫేజ్‌లకు (ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ వంటి భాగాలకు కరెంటిచ్చేవాటికి) తరచూ హీట్‌సింక్ ఉండదు. వాటి మీద భారం తగ్గించడమే మంచిది.

మా వృత్తిలో ఉన్న చిక్కేమిటంటే, పని ఎండతో పోటీ పడుతుంది. వైశాఖంలో ముహూర్తాలు వరసగా ఉంటాయి, అప్పుడే విజయవాడ మండుతుంటుంది. గదిలో 37, 38 డిగ్రీలు మామూలు. డిసెంబరు రాత్రితో పోలిస్తే పన్నెండు డిగ్రీలు ఎక్కువ. ఆ పన్నెండూ ఎక్కడికీ పోవు, ప్రాసెసర్‌కీ వీఆర్ఎంకీ నేరుగా కలుస్తాయి. కాబట్టి ఏటా మార్చి చివర్లో 3.7 గిగాహెర్ట్జ్, 1.2375 వోల్టులకు దిగుతాను. పోయేది మూడు శాతం లోపు వేగం, తగ్గేది పన్నెండు శాతం వేడి. వానలు పడ్డాక మళ్లీ 3.8. బయోస్‌లో రెండూ వేరువేరు ప్రొఫైళ్లుగా దాచి ఉంచాను. మూఢంలో ఎలాగూ పని ఉండదు కాబట్టి క్యాబినెట్ తెరిచి దుమ్ము దులిపేది అప్పుడే. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోవాలి, లేకపోతే గాలికి గిర్రున తిరిగి బేరింగులు పాడవుతాయి.

స్థిరత్వం పరీక్షించడానికి ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే ప్రైమ్95 ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడిపేవాళ్లున్నారు. మొదట్లో గంటసేపు చాలు. నిజమైన పరీక్ష ఏప్రిల్ మధ్యాహ్నం చేసే పొడవాటి ఎక్స్‌పోర్టే. జనవరిలో స్థిరంగా ఉన్న అమరిక ఏప్రిల్‌లో తూలుతుంది.

అరుగుదల సంగతి. 1.35 వోల్టులు దాటించకుండా వాడుతున్నా, నాలుగైదేళ్ల తర్వాత 1.30 దగ్గర అడపాదడపా ఎక్స్‌పోర్ట్ ఆగిపోవడం మొదలైంది. 1.3125 చేశాక మళ్లీ ఆ మాట లేదు. ఇన్నేళ్ల చాకిరీకి ఆ మాత్రం సహజం. కరెంటు ఖర్చు కూడా భయపెట్టేది కాదు. గోడ దగ్గర మీటర్ పెట్టి చూస్తే భారం పడినప్పుడు అరవై, డెబ్భై వాట్లు అదనం, అంటే పది గంటలు నడిచినా యూనిట్‌కు లోపే. ఆ వేడి గదిలోకి రావడమే అసలు ఖర్చు. ఓవర్‌క్లాకింగ్ వల్ల జరిగే నష్టానికి ఏఎండీ వారంటీ వర్తించదన్న సంగతి కూడా గుర్తుంచుకుని దిగాలి.

ఇప్పుడు ఎవరైనా వాడేసిన 1700, బి350 బోర్డు చవగ్గా దొరుకుతున్నాయని అడిగితే, బోర్డు ఫొటోలో సాకెట్ ఎడమ వైపు హీట్‌సింక్ ఉందో లేదో మొదట చూడమంటాను. ఉంటే, ఒక ఫ్యాను కొని 3.7 దగ్గర నిశ్చింతగా వాడుకోవచ్చు. లేకపోతే ఓవర్‌క్లాక్ మాట తలపెట్టవద్దు. కొత్తగా కొనేవాళ్లకు ఈ శ్రమంతా అక్కర్లేదు. తర్వాతి తరాల రైజెన్‌లు చాలావరకు తమంతట తామే అంచుదాకా బూస్ట్ అవుతాయి, చేత్తో పెంచితే మిగిలేది స్వల్పం. బి350 లాంటి 300 సిరీస్ బోర్డులకు కూడా 5000 సిరీస్ ప్రాసెసర్‌లు వేసుకోవడానికి 2022లో ఏఎండీ దారి తెరిచింది. నా బోర్డుకూ ఆ బయోస్ వచ్చింది. 65 వాట్ల 5700ఎక్స్ వేస్తే ఓవర్‌క్లాక్ లేకుండానే ఇప్పటికన్నా వేగం, ఇప్పటికన్నా తక్కువ వేడి. డబ్బు సర్దుబాటు కాగానే వేసే ఆలోచనలో ఉన్నాను.