చింతపిక్కలు, గుడ్ల ట్రేతో గుణకారం భాగాహారం: రెండేళ్ళు వాడాక

మాది కాశీబుగ్గ. పాప మూడో క్లాసులో ఉన్నప్పుడు మొదలెట్టాను, ఇప్పుడు ఐదుకొచ్చింది, అందుకే ధైర్యంగా రాస్తున్నా. అప్పట్లో ఎక్కాలు గడగడా అప్పజెప్పేసేది గానీ మధ్యలో ఏడు ఎనిమిదులెంత అంటే మళ్ళీ ఏడొకట్ల ఏడు దగ్గర్నుంచి రావాల్సిందే.

ముందు ఆన్‌లైన్లో ప్లాస్టిక్ బిళ్ళల సెట్టు కొన్నా, డబ్బులు దండగ, చెయ్యి తగిలితే చాలు వరసలన్నీ చెదిరిపోయేవి. జీడిపిక్కలు వాడదామా అంటే మా ఊళ్ళో వాటికేం కరువు లేదు గానీ పచ్చిపిక్క తొక్కలో జీడి అంటితే చెయ్యి బొబ్బలెక్కిపోద్ది, పిల్లలకి అస్సలు ఇవ్వకండి. చివరికి చింతపిక్కలు, కిరాణా కొట్లో అడిగి తెచ్చుకున్న గుడ్ల ట్రే. ట్రేలో 5 వరసలు, వరసకి 6 గుంటలు, మొత్తం 30, పిక్క వేస్తే కదలదు. ఒకరోజు పిక్కలన్నీ సర్దాక ట్రేని పక్కకి తిప్పి ఇప్పుడెన్ని అన్నాను, పాప లెక్కపెట్టబోయి ఆగిపోయి "అదే ట్రే కదమ్మా" అంది. ఆరు ఐదులు, ఐదు ఆరులు ఒకటేనని నేను నోటితో ఎన్నిసార్లు చెప్పానో!

7 × 8 ట్రేలో పట్టదు, నేల మీద పేర్చి ఐదు వరసల కింద స్కేలు అడ్డం పెట్టేదాన్ని, పైన 40, కింద 16, కలిపితే 56. ఇప్పటికీ ఎక్కం మర్చిపోతే అలాగే విడగొట్టుకుంటుంది.

నా మటుకు నాకు అసలు లాభం భాగాహారంలోనే. 24 పిక్కలిచ్చి వరసకి 6 పెడితే ఎన్ని వరసలు, లేదా 6 వరసలు చేస్తే వరసకెన్ని, రెండూ వేరే ప్రశ్నలే, పక్కకి తిప్పి చూస్తే బొమ్మ మాత్రం ఒకటే. 26 ఇస్తే 2 బయట మిగిలిపోతాయి, అదే శేషం. అంతకుముందు 6తో భాగించి శేషం 8 అని రాసేసేది, ఇప్పుడు "ఆరుంటే ఇంకో వరస అయిపోద్దిగా" అంటుంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. మొదటి ఆర్నెల్లూ ప్రతి పిక్కా వేలు పెట్టి లెక్కపెట్టేది, అలా వదిలేస్తే అది కూడిక కూడా కాదు. పై వరసా ఎడమ పక్క నిలువు వరసా కనబడేలా ఉంచి మిగతాదాని మీద తువ్వాలు కప్పేదాన్ని, అప్పుడు గానీ ఆ అలవాటు పోలేదు. ఎక్కాలు కంఠతా పట్టడం కూడా మానిపించకండి, పరీక్షలో పిక్కలు పేర్చుకుంటూ కూర్చోలేరు కదా.

రెండంకెల లెక్కలకి పిక్కలు పనికిరావు. 14 × 6 గళ్ళ నోట్సులో గీయించాను, 10 గళ్ళ దగ్గర గీత పెడితే 60, 24. తర్వాత గళ్ళు కూడా లేకుండా ఉత్త పెట్టె. 23 × 15కి ఒక పక్క 20, 3, ఇంకో పక్క 10, 5గా విడగొడితే నాలుగు గదులు, 200, 100, 30, 15, కలిపితే 345. స్కూల్లో మాత్రం నిలువుగానే చెయ్యాలన్నారు, రెండు పద్ధతులతో తికమక పడిపోద్దేమోనని భయమేసింది నాకు. నిలువుగా చేస్తూ మొదటి వరసలో 115 వేసి "ఇందులో మన 100, 15 ఉన్నాయమ్మా" అని తనే చూపించింది, కింద 230లో 200, 30 కూడా.

ఇప్పుడు ట్రే చిన్నోడి దగ్గరుంది, ఒకటో క్లాసు, పిక్కలు ముక్కులో పెట్టుకునే వయసు, అందుకని పక్కన కూర్చుంటేనే ఇస్తున్నా.