బెంగళూరు నుంచి ఎర్రబస్సులో చిన్న ఊళ్లు: ఏళ్లుగా తిరిగాక నా అభిప్రాయం

వీకెండ్ వస్తే ఊరంతా కార్లేసుకుని నంది హిల్స్ మీద పడుతుంది, నేను మాత్రం ఏళ్లుగా ఎర్రబస్సు బ్యాచ్. పొద్దున పోయి రాత్రికి ఇంటికి వచ్చేయాలి, లాడ్జీలో గది తీసుకునే పని ఉండకూడదు, అదొక్కటే నా రూలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏ ఊరికి పోదాం అని అడుగుతారు. ఊరి సంగతి తర్వాత, ముందు రెండు విషయాలు కనుక్కోండి: సాయంత్రం నాలుగు దాటాక అక్కడి నుంచి వెనక్కి ఎన్ని బస్సులున్నాయి, బస్టాండ్‌లో దిగాక చూడాల్సిన చోటికి నడిచి పోవచ్చా లేక ఇంకో బండి పట్టాలా. ఇవి కుదిరితే ఎంత మామూలు ఊరైనా రోజు హాయిగా గడిచిపోతుంది, కుదరకపోతే ఎంత గొప్ప గుడి ముందు నిలబడ్డా చూపు వాచీ మీదే ఉంటుంది.

ఆ లెక్కన కోలారుకి ఫస్ట్ మార్కు. దాదాపు 70 కిలోమీటర్లు, ఒక బస్సు పోతే వెనకాలే ఇంకొకటి, బెంగళూరు తూర్పు చివర కేఆర్ పురంలో నిలబడినా ఎక్కేయొచ్చు (కూర్చుని పోవాలంటే మాత్రం మెజెస్టిక్, అంటే ఊరి మధ్యనున్న పెద్ద బస్టాండ్ దాకా పోవాల్సిందే). కోలారమ్మ గుడి చోళుల కాలం నాటిది, గోడల నిండా తమిళ శాసనాలు. కానీ నాకు నచ్చేది పక్కనున్న చేళమ్మ, అంటే తేళ్ల అమ్మవారు. అక్కడ హుండీ అంటే నేలలో రాతిలో తొలిచిన గుంత, తేలు కుట్టకుండా చూడమ్మా అని జనం అందులో కానుక వేసి దణ్ణం పెట్టుకుంటారు. తర్వాత సోమేశ్వరాలయం. విజయనగర కాలపు కల్యాణ మండపం, దాని స్తంభాల చుట్టూ నెమ్మదిగా తిరిగితే గంట ఇట్టే పోతుంది. ఆదివారం మధ్యాహ్నం కూడా పెద్దగా జనం ఉండరు. ఎందుకు ఉండరో నాకిప్పటికీ అర్థం కాదు, నంది హిల్స్ ట్రాఫిక్‌లో ఇరుక్కునే టైముకి ఇక్కడ రెండు గుళ్లు చూసి భోంచేసి రావచ్చు.

మన తెలుగువాళ్లకి ఇంకా నచ్చే దారి హొసకోటె మీదుగా చింతామణి వైపు. కన్నడంలో మొదలైన మాట రెండు నిమిషాల్లో తెలుగులోకి వచ్చేస్తుంది, మీరు తెలుగువాళ్లని తెలిశాక పక్క సీటు పెద్దాయన మీ ఊరు, జిల్లా, పెళ్లయిందా లేదా అన్నీ లాగుతాడు, రెడీగా ఉండండి. చింతామణికి ముందే కైవార క్రాస్‌లో దిగి ఆటో పడితే కైవారం. అక్కడ యోగి నారేయణ తాతయ్య మఠం ఉంది. గాజులమ్ముకుని బతికి తర్వాత యోగి అయ్యాడని చెబుతారు, తత్వాలు కన్నడంలోనూ తెలుగులోనూ రాశాడు, కాలజ్ఞానం కూడా ఉంది. మనకి కాలజ్ఞానం అంటే బ్రహ్మంగారే గుర్తొస్తారు కదా, బెంగళూరుకి ఇంత దగ్గర్లో ఇంకొకటి ఉందని ఇక్కడ పదేళ్లుగా ఉంటున్న తెలుగువాళ్లకే తెలియదు. భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం ఇదేనని స్థానికులు గట్టిగా చెబుతారు, వాదన పెట్టుకోకండి.

హిందూపురం, లేపాక్షి అందరూ పోయేదే, కానీ బస్సులో పోతే దారి కూడా బాగుంటుంది. దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు మీదుగా మూడు గంటలు వేసుకోండి. గౌరిబిదనూరు దాటిన కాసేపటికి విదురాశ్వత్థం వస్తుంది. 1938 ఏప్రిల్ 25న జెండా ఎగరేయడానికి కూడిన జనం మీద మైసూరు సంస్థాన పోలీసులు కాల్పులు జరిపిన చోటు అదే, దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అంటారు. స్మారకం ఉంది, చుట్టూ లెక్కలేనన్ని నాగప్రతిష్ఠలు. లేపాక్షి కూడా అదే రోజు కావాలంటే ఇక్కడ గంటకు మించి ఆగొద్దు. హిందూపురం బస్టాండ్ నుంచి లేపాక్షి ఇంకో 15 కిలోమీటర్లు, బస్సో షేర్ ఆటోనో చూసుకోవాలి. అందరూ వేలాడే స్తంభం కింద కండువా దూర్చి ఫోటో దిగి వచ్చేస్తారు. మీరు మెడ నొప్పి పుట్టినా సరే, పైకప్పు బొమ్మలు చూడండి. ఆడవాళ్ల చీరల మీద ఒక అంచుకీ ఇంకో అంచుకీ పోలిక ఉండదు, రంగులు చాలాచోట్ల రాలిపోయినా చీర డిజైన్ మాత్రం ఇంకా తెలుస్తుంది.

ఒక చిట్కా. 2023 జూన్‌లో కర్ణాటకలో ఆడవాళ్లకి ఉచిత బస్సు ప్రయాణమిచ్చే శక్తి పథకం వచ్చాక గౌరిబిదనూరు దాకా మాత్రమే పోయే బస్సుల్లో శని, ఆదివారాలు కాలు పెట్టే సందుండదు. పథకం వల్ల పల్లెటూళ్ల ఆడవాళ్లు నలుగురూ కలిసి గుళ్లకి తిరగడం నాకు సంతోషమే, సీటు దొరకదన్నది వేరే సంగతి. రాష్ట్రం దాటే బస్సుల్లో అది చెల్లదు కాబట్టి హిందూపురం బస్సులో టికెట్ కొని కూర్చుంటే కాస్త నయం.

మైసూరు రోడ్డు సైడ్ నాకంత పడదు. చన్నపట్నం ఒక్కసారి పోవచ్చు, లక్క పూసిన చెక్క బొమ్మలు తయారుచేసేది చూడొచ్చు. మన ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రే అక్కడా వాడతారు, షాపులో ఆ మాటంటే బేరం కొంచెం తగ్గింది నాకు.

ఇక బాధలు. బస్టాండ్ మరుగుదొడ్లు, వీటి గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది, ఆడవాళ్లతో పోతే హోటల్లో టిఫిన్ చేసే టైములోనే ఆ పని కూడా కానిచ్చేయండి. ముగ్గురు కూర్చునే సీటులో అంచున దొరికితే సగం మనిషి గాల్లోనే ఉంటాడు. కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టే ఆచారం చెక్కుచెదరలేదు, మొహమాటపడితే నిలబడే పోవాలి. చిల్లర గొడవ మాత్రం తగ్గింది. టికెట్ వెనక పెన్నుతో బాకీ రాసిచ్చి దిగేటప్పుడు అడగమనేవాళ్లు, మనం మర్చిపోయి దిగిపోయేవాళ్లం, ఇప్పుడు చాలా బస్సుల్లో స్కాన్ చేసి కట్టేయొచ్చు.

అన్నిటికన్నా విసుగు పుట్టించేది చివరి పది కిలోమీటర్లు. కోలారు, చింతామణి నుంచి వచ్చేటప్పుడు మెజెస్టిక్ దాకా కూర్చోకండి, కేఆర్ పురంలో దిగి పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే గంట మిగులుతుంది. హిందూపురం వైపు ఆ సుఖం లేదు, ఆదివారం సాయంత్రం యలహంక నుంచి హెబ్బాళ దాటేసరికి ప్రాణం పోతుంది, అందుకని లేపాక్షిలో మూడున్నరకే బయల్దేరండి, లేదంటే శనివారమే పెట్టుకోండి.