టికెట్లు కొనేశానని చెప్పి మూడు నెలలు కొనకుండా కూర్చున్న ఏజెంటు: సెలవుల ప్రయాణం పెట్టుకున్నవారికి హెచ్చరిక

మొన్న శనివారం, ఏప్రిల్ 12 రాత్రి జరిగిన విషయం ఇది. రెండు రాత్రులు గడిచినా కోపం చల్లారలేదు కాబట్టి ఎక్కడైనా మాట గట్టిగా పడితే మన్నించండి. అంకెలు మాత్రం రసీదులూ ఫోనులోని సందేశాలూ ముందు పెట్టుకుని రాస్తున్నవే. మన కాలనీ చౌరస్తాలో మందుల దుకాణం పక్కన ఉన్న ట్రావెల్ ఏజెంటు గురించి చెబుతున్నాను. పేరు రాయడం లేదు. రాయకపోయినా మీలో చాలామందికి ఎవరో తెలిసిపోతుంది, ఎందుకంటే తిరుపతికీ షిర్డీకీ మనం ఏళ్ల తరబడి ఆయన చేతనే టికెట్లు చేయించుకున్నాం.

మా పిన్ని పెళ్లయి పోర్ట్ బ్లెయిర్ వెళ్లి నలభై ఏళ్లు దాటింది. ఆ ఊరికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు కానీ మా ఇంట్లో ఇంకా ఎవరికీ అలవాటు కాలేదు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, వాటిలో ఆమెది ఒకటి. మా అమ్మ తన చెల్లెల్ని కళ్లతో చూసి పదకొండేళ్లయింది. బడులకు ఏప్రిల్ 24 నుంచి సెలవులు కాబట్టి 26న బయలుదేరి మే 3న తిరిగి వద్దామనీ, అమ్మతో కలిపి ఐదుగురం వెళదామనీ సంక్రాంతికి ముందే అనుకున్నాం.

ఎప్పుడు కొనాలన్నది నేను తేలికగా తీసుకోలేదు. డిసెంబరు చివరి నుంచి మూడు వారాల పాటు రోజూ రాత్రి ధర చూసి డైరీలో రాసుకున్నాను. పోను రాను కలిపి మనిషికి 14,900 ఉన్నది 14,100 అయింది, తర్వాత 13,400 దగ్గర నాలుగు రోజులు నిలబడింది. ఇక ఆగనవసరం లేదని అప్పుడే నిర్ణయించుకున్నాను. విజయవాడకో విశాఖపట్నానికో అయితే రైలూ బస్సూ ఉంటాయి కాబట్టి ఆఖరి రోజుల్లో ఒక్కోసారి ధర దిగవచ్చు. అండమాన్‌కు రైలు లేదు, ఓడలో వెళితే సముద్రం మీదే రెండు మూడు రోజులు గడుస్తాయి, వేసవి సెలవుల్లో సగం దేశం ఆ కొద్ది విమానాల మీదే పడుతుంది. అలాంటి చోటికి ప్రయాణం దగ్గర పడేకొద్దీ ధర తగ్గుతుందని ఎదురుచూడడంలో అర్థం లేదు.

ఇంత ఆలోచించినదాన్ని నేనే కొనుక్కోకుండా ఏజెంటు దగ్గరికి వెళ్లడానికి కారణం ఒక్కటే. అమ్మ ఆధార్ కార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగానే ఉంది. విమాన సంస్థ ఫారంలో ఇంటిపేరు గడి దగ్గర ఏం రాయాలో, రాసినదానికీ కార్డుకూ పొంతన లేదని విమానాశ్రయం ద్వారం దగ్గర ఆపేస్తే ఏం చేయాలో తెలియక భయపడ్డాను. ఆయన తాను చూసుకుంటానన్నారు. జనవరి 18న మనిషికి 13,400 చొప్పున 67,000, సర్వీసు చార్జీ మరో 1,000, మొత్తం 68,000 రూపాయలు ఆయన కళ్ల ముందే ఫోనులో పంపాను. అరగంటలో వాట్సాప్‌కు ఒక పీడీఎఫ్ వచ్చింది. అందులో ఐదు పేర్లూ, విమానం వేళలూ, ఆరు అక్షరాల పీఎన్ఆర్ ఉన్నాయి. దాన్ని అమ్మకు చదివి వినిపించాను, అమ్మ వెంటనే పిన్నికి ఫోన్ చేసింది.

అప్పుడు ఆ కాగితాన్ని నేను చూడవలసినట్టు చూడలేదు. నిన్న మళ్లీ తెరిచి చూశాను. టికెట్ ధర ఎంతో అందులో ఎక్కడా లేదు. అన్నిటికన్నా కింద, లేత బూడిద రంగులో, వేలితో సాగదీస్తే తప్ప కనపడనంత చిన్న అక్షరాలలో ‘స్థితి: హోల్డ్’ అనీ, ‘చెల్లింపు గడువు: జనవరి 19, 23:59’ అనీ ఉంది. అంటే ఆయన సీట్లు పట్టి ఉంచారే గానీ వాటికి డబ్బు కట్టలేదు. ఏజెంట్లకు ఉండే వ్యవస్థలో డబ్బు కట్టకుండా కొన్ని గంటలపాటో ఒకటి రెండు రోజులపాటో సీట్లు ఇలా ఆపి పెట్టవచ్చు. గడువు లోపల కట్టకపోతే బుకింగ్ దానంతట అదే రద్దైపోతుంది. మాది జనవరి 19 అర్ధరాత్రే రద్దైంది. రోజూ నలభై మంది పిల్లల పుస్తకాలు దిద్దే నేను, మా సొంత డబ్బు 68,000 పోసిన కాగితాన్ని చివరి వరుస దాకా చదవలేదు. ఈ తప్పు నాదే, ఎవరి మీదా నెట్టను.

శనివారం సాయంత్రం అమ్మకు నడవ పక్కన సీటు ఎంచుకుందామని మా పెద్దమ్మాయి విమాన సంస్థ సైటులో పీఎన్ఆర్, ఇంటిపేరు కొట్టింది. ఈ వివరాలతో ఏ బుకింగూ లేదని వచ్చింది. అక్షరం తప్పు పడిందేమోనని మూడుసార్లు కొట్టించాను. వంటింట్లో అమ్మ పిన్ని కోసం కొత్త ఆవకాయ చిన్న జాడీలోకి ఎత్తుతోంది. ఆమెకేమీ చెప్పకుండా చెప్పులేసుకుని దుకాణానికి వెళ్లాను.

మొదట ‘సర్వర్ డౌన్ మేడమ్, రేపటికి వచ్చేస్తుంది’ అన్నారు. నేను కదలకుండా అక్కడే కూర్చుని, విమాన సంస్థకు నా ఎదుటే ఫోన్ చేయమన్నాను. ఫోన్ చేయలేదు. కాసేపటికి ఆయనే చెప్పారు: ‘జనవరిలో రేటు ఇంకా తగ్గేలా కనిపించింది మేడమ్, అందుకని ఆగాను. తగ్గితే మీకే కదా మంచిది.’

‘తగ్గి ఉంటే ఆ తేడా నాకు తిరిగి ఇచ్చేవారా?’ అని అడిగాను.

దానికి జవాబు రాలేదు. కంప్యూటరు తెర వైపు తిరిగి మౌసును ఊరికే అటూ ఇటూ కదిలిస్తూ ఉండిపోయారు. పక్కనున్న కుర్రవాడు లేచి, సర్దే ఉన్న ప్రింటరు కాగితాలను మళ్లీ సర్దడం మొదలుపెట్టాడు. ఆ నిమిషంలో నాకు విషయం పూర్తిగా అర్థమైంది. నా 67,000 పెట్టి ఆయన మూడు నెలలు ధరలతో జూదమాడారు. గెలిస్తే మిగులు ఆయనది, ఓడితే నష్టం మాది.

తర్వాత ఆయన అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. ‘ఇప్పుడు 22,900 నడుస్తోంది మేడమ్. మిగతా 47,500 వేస్తే ఇప్పుడే ఇష్యూ చేసేస్తాను. రాత్రి దాటితే ఇంకా పెరుగుతుంది, తర్వాత నన్ను అనొద్దు.’

ఫిబ్రవరి రెండో వారంలో కూరగాయల బజారులో ఎదురైనప్పుడు నేను ఈ మనిషినే ‘మా టికెట్ల విషయం అంతా సరిగ్గానే ఉంది కదండీ’ అని అడిగాను. ‘మీవి ఎప్పుడో అయిపోయాయి మేడమ్, నిశ్చింతగా ఉండండి’ అన్నారు. అప్పటికి మా బుకింగ్ రద్దై మూడు వారాలు దాటింది. ఆ రోజైనా నిజం చెప్పి ఉంటే నేనే ఇంకో వెయ్యో రెండు వేలో వేసి కొనుక్కునేదాన్ని. ధర పెరిగినందుకు నాకు ఆయన మీద కోపం లేదు, అది ఆయన చేతిలో లేదని నాకూ తెలుసు. ముసలావిడ చెల్లెలి దగ్గరికి వెళ్లే ప్రయాణమని తెలిసి కూడా ముఖం మీద నవ్వుతూ అబద్ధం చెప్పినందుకే ఈ కోపం. గొంతు పెంచకుండా నా డబ్బు నాకు ఇచ్చేయమన్నాను. పది రోజులు పడుతుందన్నారు, సర్వీసు చార్జీ తిరిగి రాదని కూడా అన్నారు. చేయని పనికి చార్జీ ఏమిటని గంటసేపు వాదిస్తే చివరికి 30,000 ఫోనులో పంపి, మిగిలిన 38,000 ఈ నెల 22న ఇస్తానని తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టారు.

ఇంటికి వచ్చి చీటీ డబ్బుతో మేమే నేరుగా విమాన సంస్థ సైటులో కొన్నాం. ఇక్కడ మా అమ్మాయి కనిపెట్టిన ఒక సంగతి మీకూ పనికొస్తుంది. ఒకే విమానంలోని సీట్లను కంపెనీలు రకరకాల ధరల తరగతులుగా విడగొట్టి పెడతాయి, చవక తరగతి అయిపోతే తర్వాతిది తెరుచుకుంటుంది. ఐదుగురికి కలిపి వెతికితే, ఐదు సీట్లూ ఒకే తరగతిలో దొరికే ధరనే చూపిస్తుంది. చవక తరగతిలో రెండు సీట్లే మిగిలి ఉన్నా అవి మన కంటికి కనపడవు. ఐదుగురికి వెతికితే మనిషికి 22,900 వచ్చింది, ఒక్కరికి వెతికితే 19,600 వచ్చింది. అందుకని ఇద్దరికి ఒక బుకింగ్, ముగ్గురికి ఇంకో బుకింగ్ చేశాం. మొత్తం 1,07,900 అయింది. జనవరిలో నేను నిర్ణయించుకున్న ధర కన్నా 40,900 ఎక్కువ. అమ్మ ఇంటిపేరు గురించి కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో చెప్పేశారు. ఆ రెండు నిమిషాల ఫోన్ జనవరిలోనే చేసి ఉంటే ఈ ఏజెంటుతో నాకు పనే ఉండేది కాదు.

దసరాకో వచ్చే సంక్రాంతికో టికెట్లు చూసుకుంటున్నవారు దయచేసి ఇది గుర్తుంచుకోండి. ఎవరి చేత కొనిపించినా, డబ్బు ఇచ్చిన గంటలోపే పీఎన్ఆర్‌ను విమాన సంస్థ సొంత సైటులో మీ చేత్తో కొట్టి చూడండి, వారం తర్వాత మళ్లీ చూడండి. బుకింగులో మీ ఫోన్ నంబరే, మీ ఈమెయిలే పెట్టించండి. ఏజెంటువి పెడితే కంపెనీ పంపే సందేశం ఒక్కటీ మీకు చేరదు. ఎయిర్ ఇండియా వంటి సంస్థలైతే పీఎన్ఆర్‌తో పాటు 13 అంకెల టికెట్ నంబరు కూడా ఉండాలి, వాళ్లది 098తో మొదలవుతుంది. ఆ నంబరు లేదంటే సీటు పట్టి ఉంచారే తప్ప టికెట్ కొనలేదనే అర్థం. ధర ఇంకా తగ్గుతుందేమోనని సందేహించేవారు నేరుగా కంపెనీ సైటులోనే కొనండి. ప్రయాణానికి కనీసం 7 రోజులు ఉంటే, కొన్న 24 గంటల లోపల రద్దు చార్జీ లేకుండా రద్దు చేసుకునే వెసులుబాటు 2025 నాటి డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనల్లో ఉంది. ఏజెంటు దగ్గర ఇలా మోసపోయినవారు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు చేయవచ్చు. నేను ఈ ఉదయమే చేశాను, ఫిర్యాదు నంబరు కూడా వచ్చింది.

అమ్మకు నిన్న అంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత జాడీ మూతకు గుడ్డ కట్టి పెట్టె అడుగున సర్దుకుంది. ఈ ఏజెంటుకు ఇప్పటికే డబ్బు కట్టినవారు కాలనీలో ఇంకా ఉంటే ఈ రాత్రే మీ పీఎన్ఆర్ చూసుకోండి. 22న ఆయన 38,000 ఇచ్చినా ఇవ్వకపోయినా ఇక్కడే రాస్తాను.