ఫీజు లేదు, గడువు ఉంది: గే ఉద్యోగులకు ఈఈఓసీ ఎంత పనికొస్తుంది

అమెరికాలో గే అని తెలిసి ఉద్యోగంలోంచి తీసేసినా, ప్రమోషన్ ఆపినా, టీమ్‌లో రోజూ ఎగతాళి చేస్తున్నా ఫెడరల్ చట్టం కింద ముందు వెళ్లాల్సింది ఈఈఓసీ దగ్గరికే. పూర్తి పేరు ఈక్వల్ ఎంప్లాయ్‌మెంట్ ఆపర్చునిటీ కమిషన్. 1964 సివిల్ రైట్స్ చట్టంతో పుట్టి, 1965 జులైలో పని మొదలుపెట్టింది. ఫీజు లేదు, లాయరు లేకపోయినా నడుస్తుంది, మీరు సిటిజనా, వీసా మీద ఉన్నారా అన్నది అడ్డు కాదు. ఇక్కడ ఫిర్యాదు వేయకుండా టైటిల్ 7 కింద, అంటే ఆ చట్టంలో ఉద్యోగ వివక్షను నిషేధించే భాగం కింద, నేరుగా కోర్టుకు పోవడం కుదరదు. అంటే ఇది నచ్చితే వాడుకుని నచ్చకపోతే మానేసే సర్వీసు కాదు, కోర్టుకు ముందున్న గేటు. గేటుగా దీనికి మంచి మార్కులే వేస్తాం. మీ తరఫున కొట్లాడే సంస్థగా మాత్రం అంత ఆశ పెట్టుకోవద్దు. యజమాని ‘ఇది మా మత స్వేచ్ఛ’ అని అడ్డుపెట్టే కేసుల్లో మరీను.

టైటిల్ 7లో గే అన్న మాటే లేదు, ‘సెక్స్’ అని ఉంది. ఆ మాటలోనే ఇదీ ఇమిడి ఉందని 2020 జూన్ 15న బోస్టాక్ తీర్పులో సుప్రీంకోర్టు 6-3తో తేల్చింది. తర్కం చిన్నదే. మగవాణ్ణి ఇష్టపడే ఆడమనిషిని ఉంచి, మగవాణ్ణి ఇష్టపడే మగవాణ్ణి తీసేశారంటే, ఇద్దరి మధ్య తేడా ఉద్యోగి సెక్స్ ఒక్కటే. ఇది వర్తించాలంటే ఆ ఏడాది గానీ అంతకుముందు ఏడాది గానీ కంపెనీలో కనీసం 20 వారాల పాటు 15 మంది ఉద్యోగులు ఉండాలి. అంతకన్నా చిన్న కంపెనీ అయితే రాష్ట్ర చట్టమే దిక్కు. కాలిఫోర్నియాలో 5 మంది ఉన్నా చాలు, ఫిర్యాదుకు 3 ఏళ్ల గడువు ఇస్తారు.

ఈఈఓసీ గడువు అంత ఉదారంగా ఉండదు. మామూలుగా 180 రోజులు, అదే వివక్షను అడ్డుకునే రాష్ట్ర లేదా స్థానిక ఏజెన్సీ ఉన్నచోట 300 రోజులు. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులదైతే దారే వేరు, 45 రోజుల్లో తమ ఏజెన్సీలోని ఈఈఓ కౌన్సెలర్‌ను కలవాలి. సెలవులు, శని, ఆదివారాలు లెక్కలోకే వస్తాయి. ఎక్కువమంది దెబ్బతినేది లెక్క ఎక్కడ మొదలవుతుందో తెలియక. ‘ఏప్రిల్ 30 మీ ఆఖరి రోజు’ అని మార్చి 1న మెయిల్ వస్తే లెక్క మార్చి 1 నుంచే. హెచ్ఆర్‌కు ఫిర్యాదు చేసి వాళ్ల విచారణ పూర్తవ్వాలని ఎదురుచూస్తూ కూర్చుంటే గడువు మీకోసం ఆగదు. డిమోషన్, టెర్మినేషన్ లాంటి ఒక్కో చర్యకు ఒక్కో గడువు. ఎడతెగని వేధింపులకైతే చివరి సంఘటన గడువులోపల ఉంటే పాతవీ లెక్కలోకి వస్తాయి.

పబ్లిక్ పోర్టల్‌లో మొదట ‘ఎంక్వైరీ’ నింపాలి. తర్వాత ఇంటర్వ్యూకు స్లాట్ తీసుకోవాలి, ఫోన్లో గానీ వీడియోలో గానీ ఆఫీసులో గానీ. ఆ ఇంటర్వ్యూ అయ్యాక సంస్థ వాళ్లు ‘చార్జ్’, అంటే అధికారిక ఫిర్యాదు, రాసిపెడతారు, మీరు చూసి సంతకం పెట్టాలి. పోర్టల్ విషయంలో మాకున్న పెద్ద అభ్యంతరం ఇక్కడే. ఎంక్వైరీ పంపగానే ఫిర్యాదు ఇచ్చేశామనుకుని జనం ఊపిరి పీల్చుకుంటారు. ఇవ్వలేదు. సంతకం పెట్టిన చార్జ్ అందేదాకా గడువు కరుగుతూనే ఉంటుంది. 60 రోజులు, అంతకన్నా తక్కువ మిగిలి ఉంటే పోర్టల్ వేరే సూచనలు చూపిస్తుంది, వాటినే పట్టుకోండి. స్లాట్ దొరకకపోతే ఉత్తరం ద్వారానూ ఫిర్యాదు ఇవ్వొచ్చు. మీ పేరు, అడ్రస్, ఫోన్, కంపెనీ పేరు, అడ్రస్, ఉద్యోగుల సంఖ్య, ఏం జరిగింది, ఎప్పుడు, దేనివల్ల అనుకుంటున్నారు, కింద సంతకం. సంతకం లేకపోతే ముందుకు కదలదు.

మీరు గంటసేపు చెప్పింది చార్జ్‌లో నాలుగైదు పేరాలకు కుదించుకుపోతుంది. సంతకానికి ముందు ప్రతి తేదీ, ప్రతి కారణం సరిచూడాలి. కారణం దగ్గర ‘సెక్స్’ ఉండాలి, వివరణలో ‘సెక్సువల్ ఓరియంటేషన్ కారణంగా’ అని మాటల్లో ఉండాలి. హెచ్ఆర్‌కు చెప్పాక మీ పరిస్థితి ఇంకా దిగజారితే ‘రిటాలియేషన్’, అంటే ఫిర్యాదు చేసినందుకు కక్షసాధింపు, కూడా చేరాలి. ఇది వదిలేయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. అసలు వివక్ష రుజువు కాకపోయినా రిటాలియేషన్ విడిగా నిలబడగలదు. టెక్సాస్‌లో ఫోర్ట్ బెండ్ కౌంటీ ఉద్యోగిని ఒకామె ప్రాథమిక ప్రశ్నాపత్రంలో ‘మతం’ అని చేత్తో రాసి, అసలు చార్జ్‌లో చేర్చకుండా వదిలేసింది. ఆ ఒక్క మాట మీద కేసు ఏళ్ల తరబడి నలిగి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కౌంటీ ఆ అభ్యంతరం మరీ ఆలస్యంగా లేవనెత్తింది కాబట్టి 2019లో ఆమె బయటపడింది. వెంటనే లేవనెత్తే కంపెనీ ఎదురైతే అంత అదృష్టం ఉండదు.

ఆఫీసులో ఎవరికీ చెప్పుకోని గే ఉద్యోగులు ముందే ఆలోచించుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఎంక్వైరీ దశలో విషయం కంపెనీకి చేరదు. చార్జ్ పడ్డాక 10 రోజుల్లో మీ పేరుతో సహా కంపెనీకి నోటీసు వెళ్తుంది. ఈఈఓసీ చార్జ్‌ను బయట పెట్టకూడదు, కోర్టులో కేసు వేస్తే మాత్రం అది పబ్లిక్ రికార్డు. పేరు దాచుకోవాలంటే మీ తరఫున మరొకరు గానీ ఒక సంస్థ గానీ చార్జ్ వేయవచ్చు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు చార్జ్ వేసినంత మాత్రాన స్టేటస్ పోదు. ఉద్యోగం పోతే మాత్రం గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్ మామూలుగానే నడుస్తుంది, ఈఈఓసీ దాన్ని పొడిగించలేదు.

ఈ సర్వీసులో బాగా నడిచే భాగం మీడియేషన్, అంటే మధ్యవర్తిని పెట్టి రాజీ మాట్లాడుకోవడం. ఉచితం, ఇరువైపులా ఒప్పుకుంటేనే జరుగుతుంది. కూర్చుంటే సాధారణంగా మూడు నాలుగు గంటల్లో అటో ఇటో తేలుతుంది, మొత్తం వ్యవహారం మూడు నెలల్లోపు ముగుస్తుంది. దర్యాప్తుకు 10 నెలలు, అంతకన్నా ఎక్కువా పట్టొచ్చని సంస్థే చెబుతుంది. దర్యాప్తులోకి వెళ్తే కంపెనీ తన వాదన రాసి ‘పొజిషన్ స్టేట్‌మెంట్’ ఇస్తుంది. దాన్ని మీకు వాళ్లంతట వాళ్లు పంపరు, మీరే అడగాలి. అందాక జవాబుకు 20 రోజులు. మత స్వేచ్ఛ వాదన చాలాసార్లు మొదటిసారి కాగితం మీద కనిపించేది ఇందులోనే. టెర్మినేషన్ లెటర్లో ‘పెర్ఫార్మెన్స్ బాలేదు’ అని రాసి, ఇక్కడ ‘మా విశ్వాసానికి విరుద్ధం’ అంటే కారణం మార్చారన్నమాట. పైగా మా విశ్వాసం వల్లే తీసేశామనడం, ఓరియంటేషన్ వల్లే తీసేశామని ఒప్పుకోవడమే. ఇక వాళ్లకు మిగిలేది మినహాయింపు ఒక్కటే. మీ జవాబులో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించాలి.

మత స్వేచ్ఛ అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు వాదనలు ఉంటాయి. మొదటిది టైటిల్ 7లోని సెక్షన్ 702. చర్చిలు, మత సంస్థలు, మత విద్యాసంస్థలు తమ మతంవాళ్లనే పనిలో పెట్టుకోవచ్చన్న మినహాయింపు. మామూలు వ్యాపార సంస్థకు, ఓనరు ఎంత భక్తుడైనా, సాధారణంగా ఇది వర్తించదు.

రెండోది మినిస్టీరియల్ ఎక్సెప్షన్, అన్నిటికన్నా గట్టిది. రాజ్యాంగం నుంచి వచ్చింది. సుప్రీంకోర్టు 2012లో ఇచ్చిన హొసానా-టేబర్, 2020లో ఇచ్చిన అవర్ లేడీ ఆఫ్ గ్వాడలూపే తీర్పులు దీన్ని స్థిరపరిచాయి. కీలకమైన మత విధులు చేసే ఉద్యోగిని ఎందుకు తీసేశారని కోర్టు అడగనే అడగదు. పాస్టర్లకే కదా అనుకోవద్దు. నార్త్ కరోలినాలోని షార్లట్ క్యాథలిక్ హైస్కూల్లో ఇంగ్లిష్, డ్రామా చెప్పే టీచరు తన భాగస్వామిని పెళ్లి చేసుకోబోతున్నానని 2014లో ఫేస్‌బుక్‌లో రాస్తే స్కూలు ఇక పనికి పిలవలేదు. కింది కోర్టులో గెలిచాడు. స్కూలే ఈ వాదన పక్కన పెట్టేసినా, 2024లో నాలుగో సర్క్యూట్ (సర్క్యూట్ అంటే కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే ఫెడరల్ అప్పీలు కోర్టు) దాన్నే పట్టుకుని తీర్పు తిరగేసింది. 2025లో తొమ్మిదో సర్క్యూట్ ఇంకో అడుగు ముందుకు వేసింది. వరల్డ్ విజన్ అనే క్రైస్తవ సేవా సంస్థ ఒకామెకు కస్టమర్ సర్వీస్ ఉద్యోగం ఇస్తామని చెప్పి, ఆమె పెళ్లాడింది మరో స్త్రీని అని తెలిశాక వెనక్కి తీసుకుంటే, దాతలతో మాట్లాడే ఆ ఉద్యోగమూ ఇందులోకే వస్తుందన్నది. అందుకే ఈఈఓసీ ఇంటర్వ్యూలో హోదా చెప్పి ఊరుకోకూడదు. వారంలో ఏ పనికి ఎన్ని గంటలు, ప్రార్థన నడిపించే బాధ్యత ఉందా, ఉంటే జాబ్ డిస్క్రిప్షన్‌లో రాసి ఉందా, ఇవన్నీ రికార్డులోకి ఎక్కాలి. లేనిది రాస్తే వాళ్ల దగ్గరున్న కాగితాలే మీ మీదకు తిరుగుతాయి.

మూడోది రిఫ్రా, అంటే 1993 రెలిజియస్ ఫ్రీడమ్ రెస్టొరేషన్ యాక్ట్. కొద్దిమంది చేతిలో ఉన్న ప్రైవేటు కంపెనీలూ దీన్ని వాడుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు హాబీ లాబీ తీర్పు చెప్పింది. అది గర్భనిరోధక బీమా గొడవ. టైటిల్ 7కు ఎలా వర్తిస్తుందో బోస్టాక్ తీర్పు తేల్చకుండా వదిలేసింది. 2023లో ఐదో సర్క్యూట్, టెక్సాస్‌లోని బ్రెయిడ్‌వుడ్ మేనేజ్‌మెంట్ అనే కంపెనీకి రిఫ్రా కింద టైటిల్ 7 నుంచి మినహాయింపు ఇచ్చింది. టెక్సాస్, లూసియానా, మిసిసిపీ ఆ సర్క్యూట్ కిందివే.

ఈ సర్వీసును ఎలా వాడుకోవాలన్నది తేలేది ఇక్కడే. రిఫ్రా ప్రభుత్వం పెట్టే భారానికి అడ్డు. ఈఈఓసీ మీ తరఫున దావా వేస్తే ప్రభుత్వం బరిలోకి దిగినట్టే, కంపెనీ చేతికి రిఫ్రా ఇచ్చినట్టే. మిషిగన్‌లోని హ్యారిస్ ఫ్యునరల్ హోమ్స్ మీద ఈఈఓసీ వేసిన ట్రాన్స్‌జెండర్ ఉద్యోగి కేసులో 2016లో కింది కోర్టు అలాగే కంపెనీ వైపు మొగ్గింది. 2018లో ఆరో సర్క్యూట్ దాన్ని కొట్టేసింది. అలా కాక ఉద్యోగే సొంతంగా దావా వేస్తే, ఇద్దరు ప్రైవేటు పార్టీల మధ్య రిఫ్రా పనిచేయదని ఆరు, ఏడు సర్క్యూట్‌లు చెప్పాయి. రెండో సర్క్యూట్ 2006లో వేరేలా చెప్పింది. కాబట్టి రిఫ్రా వాసన ఉన్న కేసులో ఈఈఓసీ పక్కకు తప్పుకుని, మీరే కోర్టుకు వెళ్లొచ్చని చెప్పే ‘రైట్ టు స్యూ’ లెటర్ ఇవ్వడం చాలాచోట్ల మీకే లాభం. ఎలాగూ సంస్థ వేసే దావాలు తక్కువే. 2024 ఆర్థిక సంవత్సరంలో 88,531 చార్జ్‌లు వస్తే, వేసిన దావాలు 111.

మత స్వేచ్ఛ పేరెత్తేది యజమాని కాక పక్క సీటు సహోద్యోగి అయితే లెక్క వేరు. సుప్రీంకోర్టు గ్రాఫ్ తీర్పు తర్వాత, 2023 నుంచి, ఉద్యోగి మతాచారానికి వీలు కల్పించడంలో కంపెనీ మీద బాధ్యత పెరిగింది. అయినా తోటివాళ్లను నొప్పించే హక్కు దాంతో రాలేదు. ఐడహోలోని హెచ్‌పీ ఆఫీసులో ఒక ఉద్యోగి స్వలింగ సంపర్కాన్ని ఖండించే బైబిల్ వాక్యాలు పెద్ద అక్షరాల్లో అచ్చువేసి, నడవాలో పోయేవాళ్లకు కనపడేలా తన క్యూబికల్‌లో అంటించాడు. తీయనన్నాడు, ఉద్యోగం పోయింది. 2004లో తొమ్మిదో సర్క్యూట్ కంపెనీదే సరైన పని అన్నది.

2025 మొదట్లో ఇద్దరు కమిషనర్లను తొలగించడంతో ఈఈఓసీకి కోరం పోయింది, ఆ అక్టోబర్‌లో మళ్లీ వచ్చింది. ట్రాన్స్‌జెండర్ ఉద్యోగుల తరఫున వేసిన కొన్ని దావాలను సంస్థే వెనక్కి తీసుకుంది. వేధింపుల మీద 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కొంత భాగాన్ని 2025 మేలో టెక్సాస్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది. బోస్టాక్ తీర్పు మాత్రం చెక్కుచెదరలేదు. సంస్థ గాలి ఎటు వీచినా చార్జ్ వేయడం, లెటర్ తీసుకోవడం మీ చేతిలోని పనే.

చార్జ్ వేసి 180 రోజులు దాటాక దర్యాప్తు ముగియకపోయినా లెటర్ అడగొచ్చు. అందాక దావాకు 90 రోజులే. లెటర్ పోర్టల్‌లో పెట్టి మెయిల్ పంపుతారు, అది స్పామ్‌లో పడడం మామూలే. మీరు తెరిచిన రోజు నుంచి కాక, మెయిల్ వచ్చిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి. గెలిస్తే మానసిక క్షోభకు, శిక్షగా వేసే మొత్తానికి కలిపి గరిష్ఠంగా 100 మంది దాకా ఉన్న కంపెనీ నుంచి 50 వేల డాలర్లు, 200 దాకా లక్ష, 500 దాకా 2 లక్షలు, ఆపైన 3 లక్షలు. 1991లో పెట్టిన ఈ పరిమితులను ఇప్పటిదాకా పెంచలేదు. బకాయి జీతం వీటి లెక్కలోకి రాదు.