పసుపు, మిరియం, నేల ఉసిరి కలిపిన 'కాలేయ రక్షణ' క్యాప్సూళ్లు: లేబులు చెప్పిందెంత, పరిశోధన తేల్చిందెంత

గత వేసవిలో స్కానింగులో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అనీ, రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 62 అనీ తేలిన తరువాత, మా వీధి చివరి మందుల దుకాణంలో ఈ క్యాప్సూళ్ల సీసా కొన్నాను. అరవై క్యాప్సూళ్లు, 1,150 రూపాయలు, పూటకొకటి చొప్పున రోజుకు రెండు. ఇదే కూర్పును చాలా కంపెనీలు వేర్వేరు పేర్లతో అమ్ముతున్నాయి కనుక తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. సమీక్ష కూర్పు మీదే. "ఇది వాడితే లివరు కడిగినట్టు అయిపోద్ది సార్, క్యాన్సర్ కూడా దగ్గరికి రాదు" అని దుకాణదారు ఇచ్చిన హామీని మాత్రం నమోదు చేస్తున్నాను, ఎందుకంటే ఆ రెండో మాట సీసాపై ఎక్కడా లేదు. క్యాన్సర్‌ను నివారిస్తామనో నయం చేస్తామనో ప్రకటించుకోవడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. అందుకే లేబులు మీద ఆకుల బొమ్మ, దాని కింద చీమతలంత అక్షరాలతో 'వైద్య అవసరాలకు కాదు' అనే ప్రకటన ఉన్నాయి. అసలు ప్రచారమంతా పెట్టెలో మడిచి పెట్టిన కరపత్రంలో ఉంది.

ముందు సరుకు సంగతి. ఒక క్యాప్సూలును విప్పి గాజు పళ్లెంలో పోశాను. ముదురు నారింజ రంగు పొడి, వేలికి అంటితే రెండు రోజులు వదలలేదు. కిళ్లీ సున్నం చుక్క కలిపితే దిష్టి నీళ్లలా వెంటనే ఎర్రబడింది. అంటే పసుపుకు ఆ రంగునిచ్చే కర్కుమిన్ ఉన్నట్టే, ఎంత ఉన్నదో మాత్రం ఈ ఇంటి పరీక్ష చెప్పదు. లేబులు ప్రకారం ఒక్కో క్యాప్సూలులో 95 శాతం కర్కుమిన్ ఉండేలా శుద్ధి చేసిన పసుపు సారం 500 మిల్లీగ్రాములు, మిరియాల నుంచి తీసిన పైపరిన్ 5, మిల్క్ థిసిల్ అనే ముళ్ల మొక్క గింజల నుంచి తీసిన సిలిమారిన్ 140, నేల ఉసిరి సారం 100 మిల్లీగ్రాముల చొప్పున ఉన్నాయి. పాళ్లను ఇలా విడివిడిగా చెప్పినందుకు తయారీదారును మెచ్చుకోవాలి. చాలామంది 'మూలికల మిశ్రమం' అని ఒక్క అంకె వేసి ఊరుకుంటారు.

అయితే కరపత్రం మొదటి వాక్యమే 'మన అమ్మమ్మలు వంటలో వాడిన పసుపే ఇది' అంటుంది. వంట పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతం ఉంటుందనుకుంటే, ఒక్క క్యాప్సూలులోని 475 మిల్లీగ్రాముల కోసం దాదాపు 16 గ్రాముల పసుపు, అంటే అయిదు చెంచాలు తినాలి. రోజుకు రెండు క్యాప్సూళ్లంటే పది చెంచాలు. ఏ అమ్మమ్మా పప్పులో పది చెంచాల పసుపు వేయలేదు, వేస్తే ఆ పప్పును ఎవరూ ముట్టరు.

కరపత్రం 'హైదరాబాదు శాస్త్రవేత్తలు నిరూపించారు' అని కూడా రాసింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1992లో ప్రచురించిన ఆ అధ్యయనం నిజంగానే చెప్పుకోదగ్గది. ఏళ్ల తరబడి పొగ తాగుతున్న 16 మందికి రోజుకు 1.5 గ్రాముల పసుపును 30 రోజులు ఇస్తే, వారి మూత్రంలో జన్యువులను దెబ్బతీసే పదార్థాలు తగ్గాయి. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. వారు ఇచ్చింది అర చెంచా మామూలు పసుపు, సారం కాదు. వారు కొలిచింది మూత్రంలోని ఒక సూచికను, క్యాన్సర్‌ను కాదు. సూచిక తగ్గడానికీ జబ్బు తగ్గడానికీ మధ్య ఎంత దూరముందో పేగుల మీద జరిగిన పరీక్షలు చూస్తే తెలుస్తుంది. 2011లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో రోజుకు 4 గ్రాముల కర్కుమిన్ నెల రోజులు తీసుకున్న ధూమపాయుల పెద్దపేగులో, క్యాన్సర్‌కు తొలి మెట్టుగా భావించే సూక్ష్మమైన మార్పులు 40 శాతం తగ్గాయి, 2 గ్రాములు తీసుకున్నవారిలో తగ్గలేదు. మందేమీ లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూడని అధ్యయనం అది. వంశపారంపర్యంగా పేగులో పాలిప్స్ (లోపలి గోడపై మొలిచే చిన్న కండలు) వచ్చే 44 మందికి రోజుకు 3 గ్రాముల చొప్పున ఏడాదిపాటు ఇచ్చి, ఉత్తుత్తి మాత్రతో పోల్చిన అధ్యయనం 2018లో వెలువడినప్పుడు, పాలిప్స్ సంఖ్యలో గానీ పరిమాణంలో గానీ తేడా కనిపించలేదు. కరపత్రంలో మొదటి రెండూ ఉన్నాయి, మూడోది లేదు.

ఇక 'శోషణ 20 రెట్లు' అనే పెద్దక్షరాల సంగతి. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్కుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపి ఇచ్చి తేల్చిన ఫలితం అది. కర్కుమిన్ ఒక్కటే మింగితే రక్తంలో దాదాపు కనిపించనే కనిపించదు కనుక, ఆ స్వల్పానికి ఇరవై రెట్లన్నా పెద్ద మొత్తమేమీ కాదు. అంతకంటే ముఖ్యం, మిరియం ఈ పని ఎలా చేస్తుందన్నది. పరాయి పదార్థాలకు కాలేయం ఒక చీటీ అంటించి బయటికి సాగనంపుతుంది. పైపరిన్ ఆ చీటీ అంటించే పనికే అడ్డుపడుతుంది. కాలేయాన్ని కాపాడతానని చెప్పే క్యాప్సూలు, కాలేయం తన పని చేసుకోకుండా ఆపే పదార్థాన్ని గొప్పగా చాటుకోవడం నాకు విడ్డూరంగా తోచింది. కొలెస్ట్రాల్‌కో రక్తపోటుకో మాత్రలు వేసుకునేవారి విషయంలో, ఆ మందులు కూడా ఒంట్లో మోతాదు మించి నిలిచిపోయే అవకాశం ఉంటుంది.

నేల ఉసిరి మీద మాత్రం నాకు మమకారం ఉంది. పచ్చకామెర్లు వస్తే దీన్ని నూరి మజ్జిగలో కలిపి పరగడుపున తాగించడం మన ఊళ్లలో తరతరాల వాడుక. 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొని నోబెల్ బహుమతి పొందిన బ్లంబర్గ్‌తో కలిసి లాన్సెట్ పత్రికలో ప్రచురించిన ఫలితం ఎవరికైనా ఆశ కలిగించేదే. నేల ఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మందికి వైరస్ ఆనవాలు రక్తం నుంచి పోయింది, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. కానీ తరువాత ఇతరులు చేసిన పరీక్షలలో ఆ ఫలితం మళ్లీ నిలకడగా రాలేదు. 2011లో అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన సమీక్షకులకూ నమ్మదగిన ఆధారం దొరకలేదు. పైగా కామెర్లలో చాలా రకాలు వాటంతటవే తగ్గిపోతాయి, పేరు మాత్రం పసరుకు దక్కుతుంది.

సిలిమారిన్ కథ క్లుప్తం. విషపు పుట్టగొడుగులు తిన్నవారికి దీనిలోని సిలిబినిన్‌ను ఐరోపాలో నరం ద్వారా ఎక్కిస్తారు. అది ఆసుపత్రి మందు. హెపటైటిస్ సి ఉన్న 154 మందికి 420, 700 మిల్లీగ్రాముల మోతాదులలో రోజుకు మూడుసార్లు 24 వారాలు ఇచ్చి చూస్తే, ఎస్‌జీపీటీలో ఉత్తుత్తి మాత్రకు మించిన తగ్గుదల లేదని 2012లో తేలింది. ఈ సీసాలో రోజుకు వచ్చేది 280 మిల్లీగ్రాములు.

హాని సంగతికి వస్తే, మందుల వల్ల కాలేయానికి కలిగే హానిని నమోదు చేసే అమెరికా పరిశోధకుల బృందం 2022లో పసుపు ఉత్పత్తుల వల్ల కాలేయం దెబ్బతిన్న 10 మంది వివరాలు ప్రకటించింది. అయిదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు మరణించారు. పదిమందిలో ఏడుగురికి ఒకే రకమైన జన్యు లక్షణం ఉంది. వారు వాడిన ఉత్పత్తుల ఏడు నమూనాలను పరీక్షిస్తే మూడింటిలో పైపరిన్ బయటపడింది. లక్షలాది వినియోగదారులలో పదిమంది కొద్దిమందే కావచ్చు, అయినా కరపత్రంలో దీనికి ఒక్క పంక్తి కేటాయించి ఉండవలసింది. ఫిన్లండ్‌లో 29,133 మంది ధూమపాయులపై జరిగి, 1994లో ఫలితాలు వెలువడిన పరీక్షలో, క్యారెట్‌లో మేలు చేస్తుందనుకున్న బీటా కెరోటిన్‌ను మాత్రగా ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగిన సంగతి, మొక్కల సారాలను అమ్మే వారెవరూ మరచిపోకూడనిది.

నేను 21 రోజులు వాడాను. కడుపులో కాస్త మంట, పసుపు రంగు త్రేన్పులు తప్ప ఇబ్బంది రాలేదు. ఎస్‌జీపీటీ 57కు దిగింది. అదే మూడు వారాలలో సాయంత్రం బజ్జీలు మాని నడక మొదలుపెట్టాను, రెండు కిలోలు తగ్గాను. రిపోర్టు చూసిన డాక్టరు గారు, "మాస్టారూ, మీ లివరు సంతోషించింది ఆ రెండు కిలోలకి, ఈ సీసాకి కాదు. పైగా 62కీ 57కీ తేడా ల్యాబులోనే వస్తుంది" అన్నారు. కొలెస్ట్రాల్ మాత్రతో పాటు దీన్ని వేసుకుంటున్నానని అప్పటివరకూ ఆయనతో చెప్పలేదు, అది నా తప్పు. ఆయన క్యాప్సూళ్ల పేరు, పాళ్లు, వాడిన రోజులు ఫైలులో రాసుకుని, ఆపేయమన్నారు.

పాళ్లను దాచనందుకూ, సీలు గట్టిగా ఉన్నందుకూ అయిదుకు రెండు మార్కులు ఇస్తున్నాను. మిగిలిన 17 క్యాప్సూళ్లను వెనక్కి తీసుకోమంటే, విప్పిన సీసా తీసుకోబోమని దుకాణదారు తల అడ్డంగా ఊపాడు.